మేము విడదీసిన అక్కా తమ్ముడు

తెల్లవారకముందే ఒక గులాబీ తోట ప్యాకింగ్ షెడ్డులోకి మీరు అడుగు పెట్టారనుకోండి. ఆడవాళ్ళు వరుసగా నిలబడి పూల కట్టలు కడుతున్నారు. మూలన అట్టల గుట్ట వెనుక పదమూడేళ్ళ పిల్ల ఒకతె నిద్రపోతోంది. ఆమె తమ్ముడు పక్కనే కూర్చుని, కట్టలకు రబ్బరు బ్యాండ్లు తొడుగుతున్నాడు. మీరు మొదట ఏ ప్రశ్న వేస్తారు? ఈ పిల్లలను పనికి పెట్టింది ఎవరు అని అడుగుతారా, ఈ పిల్లలు తమ ఇంట్లో ఎందుకు పడుకోలేదు అని అడుగుతారా?

జవాబుకు తొందరపడకండి. మేము మొదటి ప్రశ్న వేశాము. రెండోది వేయడానికి మాకు తీరిక ఉంది, పిల్లల భాష తెలుసు, ఆ పనికి కావలసిన శిక్షణ కూడా ఉంది. అయినా దాన్ని తరువాతకు వాయిదా వేశాము. ఆ వాయిదా ఖరీదు ఎవరు చెల్లించారో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఉద్యోగ జ్ఞాపకాలు రాసుకునే హక్కు సాధారణంగా పింఛను తీసుకునేవారిది. నేను పిల్లల రక్షణ పనిలో ఉన్నది కొన్నేళ్ళు మాత్రమే. ముప్పై నిండకముందే మానేశాను. కళాశాల వేదికల మీద వాదించి కప్పులు గెలుచుకుని, ఆ నోటితోనే లోకాన్ని చక్కబెట్టవచ్చునని నమ్మి ఈ పనిలోకి వస్తున్న చిన్నవారు చాలామంది ఉన్నారని తెలుసు కాబట్టి, అర్హత లేకున్నా రాస్తున్నాను. నేనూ అలాగే వచ్చాను. ఇందులో ఎవరి పేరూ ఉండదు. పిల్లలను గుర్తుపట్టగలిగే వివరాలు కూడా ఉండవు.

మా సంస్థ కార్యాలయం తమిళనాడు సరిహద్దు ఊరైన హోసూరులో, ఒక టైలరు దుకాణం పైన ఉండేది. కింద కుట్టుమిషన్లు ఆగితే తప్ప పైన ఫోన్‌లో మాట వినిపించేది కాదు. అక్కడ నాకు పని నేర్పిన పెద్దాయన పదవీ విరమణకు దగ్గరపడ్డ మనిషి. సంచిలో ఎప్పుడూ కారం చల్లిన జామకాయ ముక్కలు ఉండేవి. బెదిరిపోయిన పిల్లవాడి నోరు తెరిపించడానికి అంతకన్నా మంచి సాధనం లేదని ఆయన సిద్ధాంతం. కొండదారిలో కారెక్కితే తల తిరిగి తానే ఆ ముక్కలు నమిలేవారు. నన్ను వకీలమ్మా అని పిలిచేవారు, అందులో ప్రేమ ఎంతో వెక్కిరింత అంత.

ఆయనకు ఒక సూత్రం ఉండేది: ముందు బిడ్డను బయటికి తీయాలి, మాటలన్నీ తరువాత. అది మొండితనం వల్ల పుట్టిన సూత్రం కాదు. చాలా ఏళ్ళ క్రితం ఒక రాతి క్వారీలో ఒక పిల్లవాణ్ణి చూసి, యజమానితో మర్యాదగా మాట్లాడి, మరునాడు కాగితాలతో వస్తానని చెప్పి తిరిగి వచ్చారట. మరునాడు వెళ్ళేసరికి ఆ పిల్లవాడు లేడు, అలాంటి పిల్లవాడెవడూ ఎన్నడూ అక్కడ పని చేయలేదని అందరూ ఒకే మాట చెప్పారు. ఆ కథ చెప్పేటప్పుడు ఆయన ఎవరి ముఖమూ చూసేవారు కాదు. కాబట్టి ఆ సూత్రాన్ని నేను ఎప్పుడూ గట్టిగా ప్రశ్నించలేదు.

హోసూరు దగ్గరి కొండల్లో, తళి వైపు ఒక గులాబీ తోటలో పిల్లల చేత పని చేయిస్తున్నారని, పేరు చెప్పని మనిషెవరో ఫోన్ చేశారు. పూలు కోసి, కట్టలు కట్టి, వ్యాను ఎక్కించే పని తెల్లవారుజామున జరుగుతుంది కాబట్టి మేము ఆ వేళకే బయలుదేరాము. కారులో పెద్దాయన, నేను, ఒక కానిస్టేబుల్. మంచు తెర వేసినట్టు దారి కనబడటం లేదు.

"ఏం వకీలమ్మా, ఊరికే ఉండావు?" అన్నారు పెద్దాయన.

"ఫోన్ చేసింది ఎవరో తెలీదు కద సార్. పక్క తోటోడు కసితో చేసుంటే?"

"చేసుంటాడు. దానికని బిడ్డలు ఆడ లేకుండా పోతారా?"

"లేరని చెప్పలేదు. ఎందుకుండారో అడగాల కదా."

"అడుగుదాం లే. బండెక్కినాక ఎంతసేపైనా అడుగు. ఆడ దిగినాక మాత్రం గమ్మునుండు తల్లీ. నువ్వు మాట్లాడేది మొదులుపెడితే వ్యాను బెంగుళూరు చేరిపోతాది."

కానిస్టేబుల్ నవ్వాడు. నేనూ నవ్వాను.

షెడ్డులో నేను చూసినదే మొదట మీకు చెప్పాను. దానికి ఒక్క మనిషిని చేర్చాలి. యాభై దాటిన ఒకావిడ, చీర మీద స్వెటరు, తల చుట్టూ మఫ్లరు, ముళ్ళు గుచ్చుకోకుండా వేళ్ళకు టేపు. షెడ్డు తాళం ఆమె దగ్గరే ఉండేది. పొద్దున్నే తెరిచేది ఆమే.

"ఎవరప్పా మీరు? ఓనర్ లేడు ఈడ," అంది, చేతిలో పని ఆపకుండా.

"ఈ బిడ్డలు ఎవరమ్మా?" అన్నారు పెద్దాయన.

"మా బిడ్డలే అనుకోండి."

"అనుకునేది కాదు. కన్నదెవరు?"

"కన్నామె పోయి రెండేండ్లాయ. ఆమెను పిలిపించేదా?"

ఆడవాళ్ళు కొందరు నవ్వు దాచుకోవడానికి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. పెద్దాయనకు అది నచ్చలేదు. కుర్రవాడి చేతి వైపు చూపించారు. "వాని చేతిలో ఏముండాది?"

"రబ్బరు బ్యాండు. కండ్లు కనబడవా సార్ నీకు?"

కానిస్టేబుల్ ఫోన్‌తో ఫోటో తీశాడు: కుర్రవాడు, చేతిలో బ్యాండు, ఒళ్ళో గులాబీ కట్ట. ఆ ఫ్లాష్ వెలుతురు చూడగానే ఆవిడ పని ఆపింది. గొంతు మారింది. "రొంత నిలబడప్పా. చెప్తాను. వాండ్ల నాయన ఉండాడే..."

"అంతా ఆఫీసుకొచ్చి చెప్పొచ్చమ్మా," అన్నారు పెద్దాయన.

ఆయన తన సూత్రాన్ని పాటించారు. నేను ఆయన మాటను పాటించాను. ఆ ఒక్క వాక్యాన్ని పూర్తి చేయనిచ్చి ఉంటే ఎంత ఆలస్యమయ్యేదో ఇప్పటికీ లెక్కగట్టలేను; బహుశా ఒక టీ తాగేంత.

నిద్ర లేచిన అక్క ఏడవలేదు, ఎదురు తిరగలేదు. తమ్ముడి చొక్కా గుండీలు పెడుతూ నన్ను అడిగింది. "అక్కా, మా తమ్ముని యాడికి తీసుకపోతారు?"

"ఇద్దర్నీ ఒకే కారులో తీసుకపోతాము," అన్నాను.

"నిజంగానా?"

"నిజంగా."

అది నిజమే. ఆడపిల్లల వసతి గృహం ఒక ఊళ్ళో, మగపిల్లలది ఇంకో ఊళ్ళో ఉంటుందని, సాయంత్రానికి ఇద్దరినీ వేరు చేయక తప్పదని నాకు తెలుసు. ఆ అమ్మాయి అడిగింది సాయంత్రం గురించే. నేను జవాబు చెప్పింది కారు గురించి. వేదిక మీద అలాంటి జవాబుకు చప్పట్లు పడతాయి.

కొండ దిగుతుండగా జామ ముక్కలు తమ పని చేశాయి. అక్క మాట్లాడటం మొదలుపెట్టింది.

"మా నాయన మాపటికి తాగేసొస్తాడు. వస్తానే తమ్ముని పట్టుకొంటాడు. నన్ను అంతగా కొట్టడు. అడ్డం పోతే కొడతాడు."

"ఆ షెడ్డులో ఎందుకు పండుకొంటారు? ఆ యమ్మ ఇంట్లో పండుకోవచ్చు కదా?"

"ఇంటికైతే వచ్చి గలాటా చేస్తాడు. ఆ యమ్మనీ తిడతాడు. షెడ్డుకు గేటుండాది, వాచ్‌మన్ ఉండాడు. అందుకే ఆ యమ్మ ఇంట్లో తినేసి షెడ్డుకు పోతాము. అట్టలు కప్పుకొంటే చలెయ్యదు."

"మరి తమ్ముని చేత పని చేయిస్తారు కదా?"

ఆ ప్రశ్న ఆమెకు వింతగా తోచింది. "వానికి నిద్ర పట్టదక్కా. ఊరికే కూర్చోబెడితే ఏడుస్తాడు. బ్యాండ్లిస్తే ఏడవడు."

ముందు సీట్లో పెద్దాయన నమలడం ఆపేశారు. ఆయన వెనక్కి తిరగలేదు.

అప్పటికైనా కారు వెనక్కి తిప్పి ఉండవచ్చునా? మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. తిప్పలేము. తండ్రి కొడుతున్నాడని పిల్ల నోటితో విన్నాక ఆమెను అక్కడికి పంపడం నేరం. మేము చేసిన ప్రతి పనికీ ఇలాంటి గట్టి కారణం ఒకటి ఉంది. ఈ జ్ఞాపకంలో నన్ను ఎక్కువగా బాధించేది అదే: ఎక్కడా ఒక దుర్మార్గుడు దొరకడు, తండ్రి తప్ప.

ఆ సాయంత్రం రెండు బండ్లు వచ్చాయి. తమ్ముణ్ణి ఎక్కించిన బండి కదిలాక అక్క నా వైపు తిరిగి, "ఒకే కారు అన్నావు కదక్కా," అంది. గొంతు పెంచలేదు. నా దగ్గర సమాధానం ఉంది. అది నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

కొద్ది రోజుల తరువాత టైలరు దుకాణం మెట్లెక్కి ఆ షెడ్డు ఆవిడ వచ్చింది. మఫ్లరు లేకపోవడంతో మొదట గుర్తుపట్టలేదు.

"నన్ను పనిలోంచి నిలిపేసినారు," అంది కూర్చుంటూనే. "షెడ్డుకు కొత్త తాళమేసినారు. మాపటికి వాచ్‌మన్ కూడా లోపలికి పోకూడదంట. ఏం సార్, మీకు తృప్తేనా?"

పెద్దాయన మంచినీళ్ళ గ్లాసు ముందు పెట్టారు. "నువ్వు వాని చేత పని చేయించినావా లేదా తల్లీ?"

"చేయించినాను. ఎందుకు లేదంటాను? వాడు బ్యాండ్లేస్తే నాకు రొంత తొందరగా అయిపోయేది. వాడు నా అన్నం తినలేదా? ఇంట్లో బిడ్డలు ఊరికే కూర్చుంటారా మీ ఇండ్లల్ల?" గ్లాసు ముట్టలేదు. "వాండ్లు బాగుండారా? అది చెప్పండి చాలు. పిల్లోడు నిద్రపోతాడా?"

నేను అప్పటికే పంపేసిన మా నివేదిక గురించి ఆలోచిస్తున్నాను. అందులో ఆవిడ పిల్లల చేత పని చేయించిన మనిషి. ఫోటో అదే చెబుతోంది. ఆవిడ కూడా కాదనలేదు. అయినా ఆ నివేదిక అబద్ధం. ఇందులో ఒక్క తప్పు వాక్యం కూడా లేదు, మొత్తం మాత్రం తప్పు అని ఆమె వెళ్ళాక పెద్దాయనతో అన్నాను. దాన్ని తిరగరాసి పంపుదామన్నాను.

"పోయినదాన్ని మార్చితే రెండూ నమ్మరు," అన్నారాయన. మళ్ళీ తానే, "అయినా రాయి. హియరింగ్ నాడు చేతికిద్దాము," అన్నారు. ఆ మాట చెప్పడం ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు.

విచారణ మా జిల్లా కేంద్రం కృష్ణగిరిలో. మామిడికాయల కాలం. హైవే కూడలి దాకా లారీలు బారులు తీరి ఉన్నాయి, ఊరంతా పచ్చి సొన వాసన. పిల్లల కేసులు వినే సమితి ముందు వరండాలో బల్లలు వేసి ఉన్నాయి. చెరో ఊరి నుంచి వచ్చిన అక్కా తమ్ముడు అక్కడ కలుసుకున్నారు. పేలు పడ్డాయని వసతి గృహంలో తమ్ముడికి గుండు చేయించారు. అక్క ఆ గుండు మీద చేయి పెట్టి చాలాసేపు తీయలేదు. వాడు ఆమెతో మాట్లాడలేదు. అంతకుముందు కూడా తక్కువ మాట్లాడేవాడే. ఇప్పుడు బొత్తిగా మానేశాడని వాణ్ణి తీసుకొచ్చిన సిబ్బంది చెప్పారు.

షెడ్డు ఆవిడ కూడా వచ్చింది. తళి నుంచి హోసూరుకు, హోసూరు నుంచి కృష్ణగిరికి బస్సులు మారి, చేతిలో టిఫిన్ క్యారియరుతో. ఆమెను ఎవరూ పిలవలేదు. మెట్ల మీద కూర్చుంది. వరండా అవతలి కొసన తండ్రి, శుభ్రమైన తెల్ల చొక్కాతో, తన చెల్లెల్ని వెంటబెట్టుకుని.

"అక్కా," అంది అమ్మాయి నాతో. "ఈరోజు కూడా వేరేవేరేగానే పోతామా?"

ఈసారి నేను కారు గురించి మాట్లాడలేదు. "అడుగుతాము. ఒప్పుకొంటారో లేదో తెలీదు," అన్నాను.

"ఒప్పుకోకపోతే?"

"మళ్ళా కొన్నాళ్ళు అట్లే ఉండాల్సొస్తాది."

ఆమె తల ఊపింది. చిన్నపిల్లలా కాదు, సంతలో బేరం ముగించిన పెద్దమనిషిలా.

లోపల అధ్యక్షురాలు తమిళంలో మాట్లాడారు. ఆ మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆమె ఓపిక గల మనిషి. మమ్మల్నందరినీ వెనక్కి జరగమని, అమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకుని, మీ నాయన కొడతాడా అని అడిగారు.

"లేదు."

"ముందు కొడతాడని చెప్పినావు కదా?"

"భయమేసి చెప్పినాను. మా నాయన కొట్టడు. మేము ఇంటికి పోతాము. ఇద్దరూ."

ఆ చివరి మాటను ఆమె మిగతావాటికన్నా నెమ్మదిగా పలికింది. గదిలో ఉన్న అందరికీ అర్థమైంది. అధ్యక్షురాలికి అందరికన్నా ముందు అర్థమైంది. ఆమె కలం పక్కన పెట్టి మా వైపు చూశారు.

నేను లేచాను. బహుశా నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఈ పిల్ల మాట మార్చింది భయం తీరి కాదు, తమ్ముడి కోసమని చెప్పాను. మనం ఈమె ముందు రెండే దారులు పెట్టామని, విడిగా క్షేమంగా ఉండటం, కలిసి దెబ్బలు తినడం, ఈ రెంటిలో ఒకటి ఎంచుకోమని ఒక పిల్లను అడగడమే అన్యాయమని చెప్పాను. ఎదుటివారిని ఓడించాలంటే వారి ముందున్న దారులను రెండుకు కుదించాలని వాదనల్లో నేర్పుతారు. ఆ కిటుకు నాకు బాగా తెలుసు. అక్కడ దాన్ని ప్రయోగించింది మేమే.

అధ్యక్షురాలు అంతా విన్నారు. "నువ్వు చెప్పేది సరేనమ్మా. మూడో దారి చూపించు. ఈ ఇద్దరినీ కలిపి ఉంచుకునే ఇల్లు ఒకటి చెప్పు, ఇప్పుడే ఉత్తర్వు రాస్తాను."

"ఉంది మేడం. షెడ్డులో వీళ్ళను చూసుకున్న ఆవిడది. ఆమె బయట మెట్ల మీద కూర్చుంది."

అధ్యక్షురాలు కాగితాలు తిప్పారు. "ఈమేనా? పిల్లల చేత పని చేయించిందని మీ సంస్థే రాసింది."

పెద్దాయన లేచి నిలబడ్డారు. "రాసింది నేనే మేడం. తొందరపడినాను. మార్చి రాసింది ఇదిగో."

ఆమె రెండో కాగితాన్ని శ్రద్ధగానే చదివారు. ఇల్లు చూసి రావాలి, విచారించాలి, పాత నివేదిక మీద కేసు ఏమైందో తెలుసుకోవాలి, అప్పుడు ఆలోచిస్తామన్నారు. అందులో తప్పు పట్టడానికి లేదు; ఎవరో చెప్పగానే ఎవరింటికో పిల్లలను పంపే సమితి ఉంటే దానిమీద మొదట అరిచేది నేనే. అంతవరకూ పిల్లలు ఎక్కడివారు అక్కడే ఉండాలన్నారు.

అమ్మాయికి తమిళం బాగా వచ్చు. బడి చదువు అందులోనే. ఎవరూ అనువదించి చెప్పే అవసరం రాలేదు. "మా నాయన కొట్టడు," అంది మళ్ళీ. తమ్ముణ్ణి పిలిచి అడిగారు. వాడు అక్క ముఖం చూసి, కొట్టడని తల అడ్డంగా ఊపాడు. పిల్లలిద్దరూ కాదన్నాక తండ్రి కొడతాడనడానికి వేరే సాక్ష్యం మిగల్లేదు. మేనత్త పూచీ పడింది. నెలనెలా మేము వెళ్ళి చూడాలన్న షరతుతో పిల్లలను తండ్రికి అప్పగించారు.

బయటికి వచ్చాక షెడ్డు ఆవిడ క్యారియరు అమ్మాయి చేతికిచ్చింది. "తినేసి గిన్నె ఆ మెట్ల మీద పెట్టు, తీసుకొంటాను," అని మాత్రం అంది. తండ్రి చూస్తున్నాడు కాబట్టి ఇంకేమీ అనలేదు.

మొదటి నెల వెళ్ళినప్పుడు అమ్మాయి మణికట్టు వాచి ఉంది. కొళాయి దగ్గర జారిపడ్డానని చెప్పింది. తమ్ముడు గుమ్మంలో కూర్చుని గోడ గీకుతున్నాడు. రాత్రిపూట పారిపోవడానికి షెడ్డు లేదని, గేటు లేదని, వాచ్‌మన్‌కు ఆదేశాలు వేరని నాకు తెలుసు. ఆ దారి మూయించింది మేమే. పెద్దాయన అక్కడే నిలబడి కృష్ణగిరికి ఫోన్ చేశారు. పిల్లలను మళ్ళీ హాజరుపరచమని ఉత్తర్వు వచ్చింది. అది పట్టుకుని వెళ్ళేసరికి ఇంటికి తాళం. తండ్రి పిల్లలతో సరిహద్దు దాటి కర్ణాటకలో ఏదో పనికి వెళ్ళిపోయాడట. ఏ పనికో చెల్లెలికీ తెలియదు, తెలిసినా చెప్పలేదు.

అవతలి రాష్ట్రం వాళ్ళకు రాశాము. జవాబు మర్యాదగా వచ్చింది. ఆదివారాలు పెద్దాయన స్కూటరు మీద ఇద్దరమూ ఇటుక బట్టీలు, కొత్తగా కడుతున్న భవనాల దగ్గర కార్మికుల రేకుల షెడ్లు తిరిగాము. గుండు మీద అప్పుడే జుట్టు మొలుస్తున్న పిల్లవాణ్ణి చూశారా అని అడిగేవాళ్ళం. కొన్నాళ్ళకు ఆ గుర్తు కూడా పనికిరాదని, జుట్టు పెరిగిపోయి ఉంటుందని తట్టి, అలా అడగడం మానేశాము.

"వకీలమ్మా," అన్నారాయన ఒకసారి, సరిహద్దు అవతల అత్తిబెలె దగ్గర టీ తాగుతూ. "ఆ క్వారీ పిల్లోని కోసం తొందరపడేది నేర్చుకొంటిని. ఈ బిడ్డల కోసం నిదానం నేర్చుకోవాల్నంటే నాకు సర్వీసు లేదు."

ఆయన ఆ సంవత్సరమే రిటైరయ్యారు. నేను మరికొంత కాలం ఉండి మానేశాను. ఆ తరువాత కూడా మా ఇద్దరికీ పిల్లల జాడ తెలియలేదు. ఎక్కడో కలిసే ఉన్నారని అనుకోవడం నాకు అలవాటైంది. అది నమ్మకం కాదు, అలవాటే.

ఈ పనిలోకి వచ్చే చిన్నవారికి ఒక మాట. పిల్లను బయటికి తీసుకురావడానికి ముందు, ఆమె ఎవరిని కాపాడుతోంది, ఆమెను ఎవరు కాపాడుతున్నారు అని అడగండి. ఆ జవాబు వినేంతవరకు కారు ఆగుతుంది.

మిగిలిన పాఠకులతో నాకు ఇంకో పని ఉంది. ఆ రోజు ఆ గదిలో అధ్యక్షురాలు అడిగిన ఇల్లు మా జిల్లాలో ముందుగానే పరిశీలించి సిద్ధంగా ఉంచినది ఒక్కటి ఉన్నా, ఆ అమ్మాయి అబద్ధం చెప్పవలసిన అవసరం ఉండేది కాదు. పిల్లలను దత్తత తీసుకోమని నేను అడగడం లేదు. ఆపదలో ఉన్న పిల్లలను కొంతకాలం తమ ఇంట్లో ఉంచుకునే కుటుంబాలను ప్రభుత్వం విచారించి నమోదు చేసుకుంటుంది. ఆ విచారణకు సమయం పడుతుంది కాబట్టి, ఆపద వచ్చాక మొదలుపెడితే లాభం లేదు. ఈ వారంలోనే ఒక పూట సెలవు పెట్టి మీ జిల్లా కేంద్రంలోని పిల్లల సంరక్షణ కార్యాలయానికి వెళ్ళండి. మీ ఇల్లు చూసుకోమని చెప్పండి. ఎంతమందిని ఉంచుకోగలరని అడిగినప్పుడు, ఒక్కరని చెప్పి ఊరుకోకండి. అక్కా తమ్ముళ్ళు వస్తే ఇద్దరినీ ఉంచుకుంటామని చెప్పండి.